టీకాల్లో అల్యూమినియం ఉంటుందట, పిల్లల అలర్జీలు దానివల్లేనా?

బుధవారపేట_అమ్మ (కర్నూలు):
మా పాపకు 17 నెలలు. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక ఎర్రగా పొక్కి రసి కారుతోంది. డాక్టర్ ఎగ్జిమా అన్నారు. చలికాలంలో రెండుసార్లు పిల్లికూతలు కూడా వచ్చాయి. ఈ శనివారం డీపీటీ బూస్టర్ వేయించాలి. "టీకాల్లో అల్యూమినియం కలుపుతారు, అలర్జీలు దానివల్లే" అని మా బంధువుల గ్రూపులో ఎవరో వీడియో పెట్టారు. మా అత్తమ్మేమో సత్తు (అల్యూమినియం) గిన్నెల్లో వండడమే తప్పు అంటోంది. అర్ధరాత్రి పాప గోక్కుంటూ ఏడుస్తుంటే ఎవరేం చెప్పినా నిజమే అనిపిస్తోంది. బూస్టర్ వేయించాలా, ఆపాలా?

పెన్నా_ఒడ్డు (కడప):
కొన్నాళ్లు ఆపితేనే మంచిదంటాను అక్కా. వీడియో చూసి చెప్పడం లేదు. ల్యాబుల్లో ఎలుకకు అలర్జీ తెప్పించాలంటే గుడ్డు తెల్లసొనలోని ప్రోటీన్‌ను అల్యూమినియం హైడ్రాక్సైడ్‌తో కలిపి సూది వేస్తారు. ఎన్నో ఏళ్లుగా చేస్తున్న పద్ధతే అది. ఒంటిని అలర్జీ వైపు తిప్పే గుణం దానికి ఉన్నట్టే కదా? 2022లో అమెరికాలో 3,26,991 మంది పిల్లల రికార్డులు చూశారు. టీకాల ద్వారా అందిన అల్యూమినియం ఒక్కో మిల్లీగ్రాము పెరిగేకొద్దీ, రోజూ మందు వాడాల్సినంత ఆస్తమా, ఎగ్జిమా ఉన్న పిల్లల్లో అయితే 26 శాతం, ఎగ్జిమా లేనివాళ్లలో 19 శాతం ఎక్కువగా కనిపించింది. మీ పాపకు ఎగ్జిమా ఉంది. మా అన్న కొడుకు ఊపిరాడక రాత్రంతా మంచం మీద కూర్చునే ఉంటాడు. ఆ బాధ చూసినవాణ్ని కాబట్టే చెబుతున్నాను.

అనంత_ఏఎన్‌ఎం (అనంతపురం):
తమ్ముడూ, ఆ అమెరికా పరిశోధన నిజమైనదే, దాన్ని కొట్టిపారేయను. కానీ దాన్ని రాసినవాళ్లే ఇది కారణమని రుజువు కాలేదని, టీకాల పట్టిక మార్చడానికి ఇది చాలదని చెప్పారు. ఆసుపత్రికి తరచూ వచ్చే తల్లుల పిల్లలకు టీకాలు తప్పకుండా పడతాయి, ఆస్తమా కూడా ముందే బయటపడుతుంది. నా రిజిస్టర్‌లోనే ఇది కనిపిస్తుంది. ఈ రెంటినీ విడదీయడం అంత తేలిక కాదు.

అందుకే ఇంకా పెద్ద లెక్క కావాల్సి వచ్చింది. 2025 జూలైలో డెన్మార్క్ నుంచి వచ్చింది. 1997 నుంచి 2018 మధ్య పుట్టిన 12 లక్షల మందికి పైగా పిల్లల్లో 50 రకాల జబ్బులను చూశారు. ఆస్తమా, ఎగ్జిమా లాంటి అలర్జీ జబ్బులన్నీ కలిపి చూస్తే, అల్యూమినియం ఒక మిల్లీగ్రాము పెరిగినా ముప్పు పెరగలేదు. నిష్పత్తి 0.99 వచ్చింది, అంటే తేడా లేనట్టే. అమెరికా ఆరోగ్య మంత్రి కెనడీ ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకోమని పట్టుబట్టినా, దాన్ని అచ్చేసిన వైద్య పత్రిక ఒప్పుకోలేదు.

ఇక ఎలుకల సంగతి. అక్కడ అల్యూమినియంతో పాటు గుడ్డు ప్రోటీన్‌ను కావాలనే ఎక్కిస్తారు, తర్వాత దాన్నే పీల్పిస్తారు. ఒళ్లు ఎదురుతిరిగేది దేనితో కలిపి ఇచ్చామో దానిమీద. డీపీటీలో కలిపేది కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాలకు సంబంధించిన పదార్థాలు. మన వేరుశనగ కాదు, గుడ్డు కాదు. 1926లో గ్లెన్నీ అనే ఆయన కంఠసర్పి టీకాలో పటిక (అదీ అల్యూమినియం లవణమే) వాడి చూసినప్పటి నుంచి అల్యూమినియం లవణాలు వాడుతూనే ఉన్నారు. ఒక డోసులో 1.25 మిల్లీగ్రాములు దాటకూడదు. బీసీజీలో, పోలియో చుక్కల్లో, తట్టు టీకాలో అసలు ఉండదు.

అల్యూమినియం వల్ల నిజంగా వచ్చే ఇబ్బంది ఒకటుంది. దాన్ని దాచడం తప్పు. సూది వేసిన చోట బఠాణీ గింజంత గట్టి గడ్డ కట్టి, నెలల తరబడి దురద పెడుతుంది. స్వీడన్‌లో జరిగిన టీకా పరీక్షల్లో నూటికి దాదాపు ఒకరికి ఇలా వచ్చింది. అలాంటి పిల్లల్లో చాలామందికి అల్యూమినియం తగిలితే చాలు, చర్మం దురద పెడుతుంది. కాలక్రమంలో తగ్గిపోతుంది. ఇలాంటిది చెప్పకుండా "ఏమీ కాదు" అంటే తల్లులు మమ్మల్ని ఎందుకు నమ్ముతారు?

హంద్రీ_గట్టు (కర్నూలు):
సత్తు గిన్నె మాటేంటి మేడమ్? మా ఇంట్లో పులుసు దాంట్లోనే.

అనంత_ఏఎన్‌ఎం:
నీళ్లు కాచీ కాచీ నల్లబడ్డ సత్తు గిన్నెలో చింతపండు పులుసు కాచి చూడండి. గిన్నె లోపల తెల్లగా మెరుస్తుంది. ఆ పొర పోయింది పులుసులోకే. అలా తిన్న అల్యూమినియంలో ఒక శాతం కన్నా తక్కువే పేగుల్లోంచి రక్తంలోకి వెళుతుంది, మూత్రపిండాలు బాగుంటే అందులో చాలా వరకు బయటికి పోతుంది. దీనివల్ల ఎగ్జిమా వస్తుందని నేనెక్కడా చదవలేదు. అయినా హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 సూచనల్లో పచ్చళ్లు, సాంబారు లాంటి పుల్లటివి అల్యూమినియం పాత్రల్లో నిల్వ ఉంచొద్దని చెప్పింది. స్టీలు గిన్నెలోకి మార్చుకోండి, అత్తమ్మ మాట కూడా నిలుస్తుంది.

ఎర్రగుంట్ల_మేస్త్రి (కడప):
మావైపు సిమెంటు దుమ్ము, నాపరాయి పాలిష్ దుమ్ము, గట్ల నిండా వయ్యారిభామ. రాత్రికి దోమల చుట్ట. పిల్లికూతలకు ముందు వీటిని చూడండమ్మా. మా చిన్నోడి గదిలో చుట్ట వెలిగించడం ఆపాక దగ్గు తగ్గింది.

పెన్నా_ఒడ్డు:
దుమ్ము సంగతి ఒప్పుకుంటాను. కానీ డెన్మార్క్ లెక్కలో అల్యూమినియం అసలు అందని పిల్లలు నూటికి ఇద్దరి కన్నా తక్కువ. ముఖ్యమైన లెక్క ఐదేళ్ల వయసు వరకే. కొన్ని అలర్జీలు ఆ తర్వాతే బయటపడతాయి. నా అనుమానం పూర్తిగా తీరలేదు.

అనంత_ఏఎన్‌ఎం:
మీరు అడిగింది సబబే. ఇంకా పెద్ద వయసు వరకు చూడాలి, చూడమని మనమూ అడగాలి. కానీ అనుమానం తీరేదాకా కంఠసర్పి ఆగదు తమ్ముడూ. నా సర్వీసులో ఒక్క బిడ్డను చూశాను. మెడ రెండువైపులా ఉబ్బి, గొంతులో బూడిదరంగు పొర కట్టి, నీళ్లు తాగితే ముక్కులోంచి వస్తున్నాయి. బూస్టర్ పడలేదు. పాపకు అది వేయించొద్దని నా నోటితో ఎలా చెప్పమంటారు?

బుధవారపేట_అమ్మ:
శనివారం తీసుకెళ్తాను మేడమ్. ఎగ్జిమా ఉన్నచోట సూది పడకూడదని వాళ్లకు చెప్పాలా?

అనంత_ఏఎన్‌ఎం:
చెప్పు తల్లీ. ఈ వయసులో తొడమీద వేస్తారు. చర్మం బాగున్న చోటే వేయమను. పొక్కులున్న చోట్లు ముందే చూపించు, పిల్లికూతల మాట కూడా చెప్పు. ఆ రోజు జ్వరం గట్టిగా ఉంటే తగ్గాక వేయిస్తారు. వేశాక అరగంట అక్కడే కూర్చో. గడ్డ కడితే రుద్దొద్దు, ఫొటో తీసి తేదీ రాసిపెట్టుకో, తర్వాతిసారి వెళ్లినప్పుడు చూపించు.