కొమరం భీమా, కుమురం భీమా?

పొద్దున ఒక తమ్ముడు ఈ ప్రశ్న అడిగితే ‘ఏదైనా ఒకటే’ అని చాలామంది తేల్చేశారు. ఒకటే కాదండీ. అది నిజాం సర్కారుపై పోరాడిన గోండు నాయకుడు భీం ఇంటిపేరు, గోండుల్లో ఇంటిపేరంటే వంశం, వాళ్ల మాటలో పారి. ఆత్రం, మెస్రం, మడావి, సిడాం, కుమ్రం ఇవన్నీ పారీలే. ఈ పారీలు నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలుగా, అంటే వంశాల గుంపులుగా ఉంటాయి, ఒకే సగ వాళ్లు పెళ్లి చేసుకోరు. అంటే కెరమెరి, జైనూర్ వైపు గూడేల్లో ఎవరైనా పేరు చెప్పగానే వాళ్లతో వియ్యం కుదురుతుందో లేదో కూడా తెలిసిపోతుంది. గోండుల గాథలు పాడే ప్రధాన్ తెగ వాళ్లు కీక్రి అనే తీగల వాయిద్యం వాయిస్తూ పాడేదీ ఈ వంశాల కథలే.

ఇక ఉచ్చారణ. భీం పారి కుమ్రం, అందులోని మ్ర మన నోటికి కష్టమై మధ్యలో ఉకారం చేర్చుకుంటే కుమురం అయింది. కుమారుడు కొమరుడైనట్టు మొదటి ఉకారం ఒకారమైతే కొమరం. పైగా కొమురయ్య, కొమురెల్లి లాంటి పేర్లు తెలంగాణలో ఇంటింటా వినేవి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. నిజాం కాలపు సర్కారీ కాగితాలు చూద్దామన్నా అవి ఉర్దూలో ఉంటాయి, ఆ రాతలో ఉకారమో ఒకారమో తేల్చడం కష్టం. నాకు గట్టి ఆధారంగా కనిపించేది ప్రాణహిత అవతలి ఒడ్డు. మహారాష్ట్ర గోండుల్లో ఈ ఇంటిపేరు కుమ్రే, కుమ్రా అని ఉకారంతో వినిపిస్తుంది.

2016లో ఆదిలాబాద్‌ను విడదీసి చేసిన జిల్లాకు ఇప్పుడు అధికారికంగా కుమురం భీం ఆసిఫాబాద్ అనే రాస్తున్నారు. 2011 లెక్కల్లో 5 లక్షల 15 వేల మంది, అదీ 4,800 పైచిలుకు చదరపు కిలోమీటర్ల అడవులూ గుట్టల్లో. రాష్ట్ర సగటు జనసాంద్రతలో ఇది మూడో వంతు. అంత పలచగా ఉన్న జనం తమ పేరు ఎలా పలుకుతారో హైదరాబాద్‌లో పత్రిక రాసేవాళ్ల చెవిన పడేదెప్పుడు? 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన మనిషి పేరును ఇన్నేళ్లూ అడక్కుండానే రాసేశాం, నాకు బాధనిపించేది అదే.

నేనైతే జిల్లా పేరు బోర్డు మీద ఉన్నట్టే కుమురం అని, మనిషి పేరు కుమ్రం భీం అని రాస్తాను. ఈ గ్రూపులో గోండి మాట్లాడేవాళ్లుంటే దయచేసి ఆ పేరు పలికి ఒక వాయిస్ మెసేజ్ పెట్టండి, మ్ర తర్వాత అచ్చు ఎంత పొడుగ్గా పలుకుతారో వినాలనుంది.