భోపాల్ నుంచి ఫ్రెండ్ వస్తోంది, సిక్కోలు (శ్రీకాకుళం)లో ఏం చూపించను?

ఆమదాలవలస అమ్మాయి:

అందరికీ నమస్కారం. హాస్టల్లో నాలుగేళ్లు నా పక్క మంచం మీద పడుకున్న పిల్ల సంక్రాంతి వెళ్లాక మా ఇంటికి వస్తోంది. ఐదు రోజులుంటుంది. వైజాగ్, అరకు ముందే చూసేసింది. "అవి అందరూ చూస్తారు, నువ్వు పెరిగిన చోటు చూపించు" అంది ఫోన్లో. అక్కడే చిక్కొచ్చి పడింది. పుట్టి పెరిగిందంతా ఇక్కడే, తీరా ఏముంది చూడ్డానికి అని అడిగితే నోట మాట రావట్లేదు.

పోయిన వేసవిలో హైదరాబాద్ నుంచి మా బావ వాళ్లు వచ్చారు. కారు మాట్లాడి ఒక్క రోజులో అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం, మళ్లీ ఇటు తిరిగి శ్రీముఖలింగం, అన్నీ తిప్పేశాం. సాయంత్రానికి పిల్లలకి వాంతులు. ముఖలింగంలో బావ కారు దిగనే లేదు, "మీరు చూసి రండి, నేను ఏసీలో కూర్చుంటా" అన్నాడు. మొన్న ఏదో మాటల్లో అడిగితే ఆయనకి గుర్తున్నవి శ్రీకూర్మం గుళ్లో తాబేళ్లు మాత్రమే.

ఈసారి అలా చెయ్యను. పొద్దున బయల్దేరి రాత్రికి ఇల్లు చేరాలి, బయట బస అంటే అమ్మ ఒప్పుకోదు. ఫ్రెండుకి తెలుగు ఒక్క ముక్క రాదు. గుళ్లలో దండం పెట్టడం కంటే గోడలు, రాళ్లు తడిమి చూడ్డం ఎక్కువ. నాకు స్కూటీ ఉంది, కారు లేదు. ఏ రోజు ఎటు వెళ్లమంటారు?

రిటైర్డ్ కండక్టర్:

అమ్మా, ముప్పయ్యొక్క ఏళ్లు ఈ జిల్లా రోడ్ల మీద టిక్కెట్లు కొట్టినోణ్ణి. సర్వీసులో ఉన్నప్పుడు నేను కూడా ఒక్క రోజులో అన్ని ఊళ్లు తిరగలేదు. మీ బావని తప్పు పట్టకు.

ముందు ఒక సంగతి. రైలు టిక్కెట్టు మీద "శ్రీకాకుళం రోడ్" అని ఉంటాది, ఆ స్టేషను మీ ఆమదాలవలసలోనే ఉంది. టౌను అక్కడికి 12-13 కిలోమీటర్లు. ఊళ్లోకి వచ్చేశామనుకుని పెట్టెలు పట్టుకుని నడిచి వెళ్లిపోదామనుకునేవాళ్లని ఎంతమందిని చూశానో! మీకు మాత్రం అదే సుఖం, ఇంటి ముందు దిగినట్టే.

దిగిన రోజు ఎక్కడికీ తిప్పకు. పడుకోనీ.

రెండో రోజు చీకటితో లేచి అరసవల్లి సూర్యుడి గుడి. ఆదివారం మాత్రం వద్దు, సూర్యుడి వారం కదా, క్యూలోనే పూట గడిచిపోతాది. రథసప్తమి ఆ ఐదు రోజుల్లో పడుతుందేమో కేలండరు చూసుకో. పడిందా, జిల్లా మొత్తం అక్కడే ఉంటాది, ఆ రోజు వేరే దిక్కు వెళ్లండి. స్వామి మీద కిరణాలు పడటం గురించి ఆ అమ్మాయి ఇంటర్నెట్లో చదివి అడుగుతాది. అది మార్చి రెండో వారంలో, మళ్లీ అక్టోబరు మొదట్లో. జనవరిలో కాదని ముందే చెప్పేయ్.

అట్నుంచటే శ్రీకూర్మం. గుడికి రెండు ధ్వజస్తంభాలు ఎందుకున్నాయో ఆమెనే కనిపెట్టమను. చాలామంది దర్శనం చేసుకుని వచ్చేస్తారు గానీ సంగతేటంటే అక్కడి స్వామి పడమర ముఖం. తూర్పున ఒకటి, పడమటన ఒకటి. రాళ్లంటే ఇష్టమన్నావు, స్తంభాల మీద శాసనాలు బోలెడు. మండపంలో గోడల మీద పాత బొమ్మలు కూడా ఉన్నాయి, రంగు వెలిసినా చూడదగ్గవే. భోజనం వేళకి ఇంటికి వచ్చేయండి. శాలిహుండం, కళింగపట్నం కూడా గార మండలమే, దగ్గరే కదా అని అదే రోజు కలిపేస్తారు అందరూ. కలపకు.

ఆ రెండింటికీ వేరే రోజు, అదీ మధ్యాహ్నం తిండి తిన్నాక. శాలిహుండం కొండ ఎక్కితే ఇటుక స్తూపాల పునాదులు, కింద వంశధార, దూరంగా ఆ ఏరు సముద్రంలో కలిసే చోటు, అన్నీ ఒకే చూపులో పడతాయి. ఆ కొండ మీద బౌద్ధుల ఆనవాళ్లు 1919లో పట్టుకున్నాయన ఎవరనుకున్నావు? మన గిడుగు రామమూర్తి గారు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని దండ వేస్తాం చూడు, ఆయనే. ఎండ వాలాక కళింగపట్నం దిగి లైట్‌హౌసు దగ్గర ఒడ్డున కూర్చోండి. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు. ఇప్పుడు పడవలు, వలలు.

ముఖలింగానికి ఒక రోజు పూర్తిగా ఇవ్వు. నరసన్నపేట మీదుగా 45 కిలోమీటర్ల పైనే ఉంటాది, పల్లెవెలుగు ఎక్కండి. స్కూటీ మీద వెళ్తే రోడ్డే చూస్తావు, బస్సులో ఊళ్లు చూస్తావు. తూర్పు గాంగ రాజుల రాజధాని కళింగనగరం అదే అంటారు. ఊరి మొదట్లో సోమేశ్వరుడి గుడి ఒంటరిగా ఉంటాది, జనం పెద్ద గుడికి పరిగెత్తి దాన్ని దాటేస్తారు. ఆ పిల్లని ముందు అక్కడ దింపు, గంట వరకూ కదలదు. గిడుగు వారు పుట్టిన పర్వతాలపేట కూడా ఆ పక్కనే. ముఖలింగం గుడి శాసనాలు చదవడానికే ఆయన పాత లిపి తనంతట తాను నేర్చుకున్నారట, మా మాస్టారు చెప్పేవారు.

మిగిలింది ఖద్దరు నేసే పొందూరు. మీ స్టేషన్లో పాసింజరు ఎక్కితే ఎంతసేపు? వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతారని చెప్పు, నమ్మదు. తీసుకెళ్లి చూపించు.

టెక్కలి కుర్రాడు:

బాబాయ్ చెప్పినదంతా కరెక్టే గానీ మా వైపు మొత్తం ఒగ్గేశారు! జనవరిలో వచ్చి తేలినీలాపురం చూడకపోతే ఎలా?

అక్కా, గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఆ టైముకి పిల్లలతో ఉంటాయి. అడవిలో కాదు, ఊళ్లో ఇళ్ల మధ్య చెట్ల మీదే గూళ్లు. వాటిని అక్కడెవరూ అదిలించరు, అవి రాకపోతే ఊరికి మంచిది కాదంటారు. నిజం కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నా, వాసన గట్టిగా ఉంటుంది. చెట్టు కిందకి గొడుగు లేకుండా వెళ్లకండి. వాన వస్తుందని కాదు.

స్కూటీ మీద హైవేలో అంత దూరం వద్దు. మీ స్టేషన్ నుంచి నౌపడ జంక్షన్‌కి రైలుంది, అక్కడ దిగి ఆటో. నౌపడలో ఉప్పుమళ్లు కూడా చూపించండి, పొద్దున్న పూట నీళ్ల మీద వెలుగు బావుంటుంది. పలాస జీడిపప్పు, మందస కోవా ఎవరి చేతనైనా తెప్పించుకోండి, వాటి కోసం రోజు ఖర్చు పెట్టకండి.

ఉద్దానం వైపు వెళ్తే మాత్రం కొబ్బరి తోటల్లో ఖాళీలు ఎందుకని అడుగుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చి ఒక్క రాత్రిలో పడగొట్టిన చెట్లవి. మా తాతవి కూడా ఉన్నాయి అందులో. కొబ్బరి మళ్లీ కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది.

వైజాగ్ వాసి:

ఇంత కష్టం ఎందుకండీ, బొర్రా గుహలు ఇంకోసారి చూపిస్తే పోయేది.

రిటైర్డ్ కండక్టర్:

నాయనా, ఆమె ఫ్రెండు చూసేసిందని మొదటి పేరాలోనే రాసింది. బోర్డు చూడకుండా బస్సెక్కేవాళ్లు నా సర్వీసులోనూ ఉండేవారు.

ఆమదాలవలస అమ్మాయి (మూడు వారాల తర్వాత):

బాబాయ్, తమ్ముడూ, ఇద్దరికీ థాంక్స్. నా ఫ్రెండు నిన్ననే ఇల్లు చేరి ఫోన్ చేసింది, మధ్యలో వాళ్ల పిన్ని ఇంట్లో ఆగింది.

అనుకున్నవన్నీ కాలేదు. శ్రీకూర్మం నుంచి వస్తుంటే స్కూటీ పంక్చరు. గంటన్నర రోడ్డు పక్కన నిలబడ్డాం. ఎదురింటి ఆవిడ కుర్చీలు వేసి తేగలు కాల్చి ఇచ్చింది. దీనికి తేగ ఎలా తినాలో తెలియక పీచుతో సహా నమిలేసింది. ఆవిడ నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది. రెండు ధ్వజస్తంభాల సంగతి మాత్రం పది నిమిషాల్లో కనిపెట్టేసింది, నేను ఇన్నాళ్లూ చూసి కూడా ఎప్పుడూ ఆలోచించలేదు.

శాలిహుండంలో మేమిద్దరమే. ఇది స్తూపం చుట్టూ మూడుసార్లు తిరిగి, ఇటుకల పక్కన అరచెయ్యి పెట్టి సైజు కొలిచింది. కళింగపట్నం చేరేసరికి చీకటి పడిపోయింది, సముద్రం చప్పుడు విని వచ్చేశాం.

పొందూరు గురించి ఏం చెప్పను! అరగంట అనుకుని వెళ్లాం. ఒక మామ్మగారు రాట్నం ముందు కూర్చోబెట్టి నూలు వడకమంది. దీనికి తెలుగు రాదు, ఆవిడకి హిందీ రాదు. దారం తెగుతుంది, ఆవిడ "మ్చ్" అంటుంది, మళ్లీ అతికిస్తుంది. పదకొండు సార్లు తెగింది, నేను లెక్కపెట్టాను. ఆ చేప దవడ చేతిలో పెడితే పళ్లు ఎంత సన్నగా, ఎంత దగ్గరగా ఉన్నాయో! పత్తి గింజ మీద పీచు నలక లేకుండా ఎలా సాఫవుతుందో అప్పుడర్థమైంది. రెండు రైళ్లు వదిలేసి మూడోది ఎక్కాం.

తేలినీలాపురానికి గొడుగు మర్చిపోయాను. కొత్త శాలువా. అంతే, ఇంకేం అడక్కండి.

చివరి రోజు ముఖలింగం వెళ్లాల్సింది. పొద్దున బ్యాగు సర్ది కూడా, మా అమ్మ పెరట్లో చోడిపిండితో అంబలి కాస్తుంటే పక్కన పీట వేసుకుని కూర్చుండిపోయింది. లేపబుద్ధి కాలేదు. దాంతో ముఖలింగం మిగిలిపోయింది. మార్చిలో అరసవల్లి కిరణాలకి వస్తాను, అప్పుడు చూస్తాను అంటోంది. అది కుదురుతుందా బాబాయ్?

రిటైర్డ్ కండక్టర్:

రమ్మను. కాకపోతే ఆ పొద్దున మబ్బు పట్టిందంటే కిరణం పడదు, అంత దూరం నుంచి వచ్చాను కదా అని సూర్యుడు చూడడు. రెండు రోజులు చేతిలో ఉంచుకోమను. శివరాత్రి సమయంలో ముఖలింగం మాత్రం పెట్టుకోకండి, చక్రతీర్థ స్నానానికి ఒడిశా వైపు నుంచి కూడా జనం దిగుతారు, సోమేశ్వరుడి గుడి దగ్గర గంట నిలబడటం కుదరదు. అది అయిపోయిన వారం తర్వాత వెళ్లండి. పొద్దున్న మొదటి బస్సుకి, కిటికీ సీటు ఆ అమ్మాయికి ఇయ్యి.