ఎల్క్ (పెద్ద జింక జాతి జంతువు) వేటలో రైఫిల్ రోజంతా ఎలా మోయాలి? స్లింగా (భుజానికి తగిలించే పట్టీ), బ్యాగుకు తగిలించాలా, చేతుల్లోనా?

ఆస్టిన్_జింక:
అందరికీ నమస్తే. ఇన్నేళ్లూ టెక్సాస్‌లో బ్లైండ్‌లో (జంతువులకు కనపడకుండా దాక్కునే చిన్న గదిలాంటిది) కూర్చుని వైట్‌టెయిల్ జింకల్నే వేటాడాను. ట్రక్కు దిగి నాలుగడుగులు వేస్తే బ్లైండ్, అందుకే రైఫిల్ మోయడం గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. ఈ అక్టోబరులో ఫ్రెండ్‌తో కొలరాడోకి ఎల్క్ వేటకు వెళ్తున్నాం. 10,000 అడుగుల ఎత్తులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడకే. నాది టిక్కా కంపెనీ రైఫిల్, స్కోపూ తూటాలూ కలిపితే దాదాపు 8 పౌన్లు. మా లీజు పొలంలో బరువు బ్యాగు వేసుకుని నడిచి చూస్తున్నా, నైలాన్ స్లింగ్ భుజం మీద అసలు నిలవట్లేదు, ఒక చెయ్యి ఎప్పుడూ దాన్ని పట్టుకోవడానికే సరిపోతోంది, గంట తిరిగేసరికి మెడ పట్టేస్తోంది. మీరేం వాడుతున్నారు?

డెన్వర్_బాబాయ్:
సన్నటి నైలాన్ జారుతుంది, ఎంత బిగించినా అంతే. నియోప్రీన్ షాపులో వేసుకుని చూస్తే హాయిగా ఉంటుంది గానీ అది సాగే రకం, ప్రతి అడుక్కీ రైఫిల్ పైకీ కిందికీ ఊగుతూ ఉంటుంది, దాన్ని ఆపడానికే సగం ఓపిక అయిపోతుంది. నా ఓటు 1.25 అంగుళాల తోలు స్లింగ్‌కి, లోపలి వైపు గరుగ్గా ఉన్నదానికి.
కానీ మీ అసలు సమస్య స్లింగ్ కాదు, బ్యాగు. భుజం మీద బ్యాగు పట్టీ ఉన్నాక దాని పైన ఏ స్లింగూ కుదురుగా ఉండదు. ఎక్కుడు మీద నేను కిఫారు వాళ్ల గన్ బేరర్ వాడతాను. నడుం బెల్టు దగ్గర వేలాడే చిన్న సంచిలో రైఫిల్ మడమ (భుజానికి ఆనించే వెనక చివర) కూర్చుంటుంది, పైభాగాన్ని భుజం పట్టీకి ఉన్న ఇంకో పట్టీ పట్టుకుంటుంది, దాన్ని లాగితే వెంటనే ఊడొస్తుంది. బరువు మెడ మీద పడదు, తుంటి మీదకి దిగుతుంది. రెండు చేతులూ ఖాళీ కాబట్టి ట్రెక్కింగ్ కర్రలు పట్టుకోవచ్చు, ఆ ఎత్తులో కర్రలు మోకాళ్లను నిజంగా కాపాడతాయి. ఇబ్బంది ఒక్కటే, పడిపోయిన చెట్ల కింద దూరేటప్పుడు బ్యారెల్ కొమ్మలకు తగులుతుంది, కూర్చోవాలంటే ముందు రైఫిల్ తీసేయాలి.

మిన్నెసోటా_మంచు:
బాబాయ్ చెప్పింది ఎక్కడానికి బాగుంటుంది. జంతువు దగ్గర్లో ఉందనిపించి మెల్లగా నడిచేటప్పుడు మాత్రం నాకు ఆఫ్రికన్ క్యారీయే ఇష్టం. కుడిచేతి వాటం వాళ్లయితే ఎడమ భుజానికి స్లింగ్, బ్యారెల్ మూతి నేలవైపు, ఎడమ చెయ్యి బ్యారెల్ కింద ఉండే రైఫిల్ ముందు భాగం మీద. ఎడమ చేత్తో పైకి తిప్పితే చాలు, రైఫిల్ నేరుగా కుడి భుజానికి వచ్చేస్తుంది. ఇంట్లో ఖాళీ రైఫిల్‌తో, ఛాంబర్ (కాల్చడానికి తూటా కూర్చునే చోటు) రెండుసార్లు చూసుకుని, బాగా సాధన చేయండి.
దీంట్లో ప్రమాదం ఏంటంటే వంగినప్పుడూ మోకాలి మీద కూర్చున్నప్పుడూ మూతి మంచులోకో బురదలోకో దిగుతుంది. బ్యారెల్‌లో మంచు ముద్ద ఇరుక్కున్నాక కాలిస్తే బ్యారెల్ పగలొచ్చు. నేను మూతికి ఎలక్ట్రికల్ టేప్ ముక్క అంటిస్తాను, తూటా ముందు తోసుకొచ్చే గాలికే అది ఎగిరిపోతుంది. మూతి పైకి పెట్టి మోసేవాళ్లకీ టేప్ కావాలి, వానా మంచూ నేరుగా లోపలికే పడతాయి కదా. లోతు మంచుంటే మూతి కిందికి పెట్టే పద్ధతి మానేయండి.

కొత్తగా_వేట:
మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోకండి. నేను హెచ్‌1బీ మీద ఉన్నా. మన దగ్గర వన్యప్రాణి చట్టం కింద వేటకు నిషేధం, కాబట్టి ఇంట్లో నేర్పేవాళ్లు లేరు. కాలేజీలో ఎన్‌సీసీలో రైఫిల్ పట్టుకున్నదే అనుభవం. ఫ్రెండ్ రైఫిల్ అడిగి తీసుకుని మోయొచ్చా?

డెన్వర్_బాబాయ్:
తమ్ముడూ, ముందు లైసెన్సు. నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసా వాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. దానికున్న మినహాయింపుల్లో మనకు పనికొచ్చేది ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు. అరువు తెచ్చుకున్న రైఫిల్‌కీ అదే రూలు. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా చెయ్యి, ఏ పొజిషన్‌లో ఎలా మోయాలో చక్కగా నేర్పుతారు, లాయరుతో ఒకసారి మాట్లాడినా మంచిదే.

మోంటానా_అక్క:
మగవాళ్ల కొలతలకు చేసిన స్లింగులు నాలాంటి చిన్న భుజాలవాళ్లకు నిలవవు, అందుకే మొదట్లో ఛాతీకి అడ్డంగా వేసుకునేదాన్ని. అక్కడ బైనాక్యులర్ సంచి ఉంటుంది, రెండూ రాసుకుంటాయి, అవసరానికి ఒక్కటీ చేతికి రాదు. ఇప్పుడు బాబాయ్ చెప్పిన పద్ధతే, కాకపోతే ఎడమ పక్కన తగిలిస్తాను. మా దగ్గర గ్రిజ్లీలు తిరుగుతాయి, కుడి తుంటి మీద బేర్ స్ప్రే ఉంటుంది, దానికి రైఫిల్ అడ్డం రాకూడదు. సౌకర్యం పేరుతో స్ప్రేని బ్యాగులో పెట్టేవాళ్లను చూస్తే భయమేస్తుంది, ఎలుగు మీదకొచ్చినప్పుడు జిప్పు తీసే టైము ఎక్కడిది?
ఇంకోటి, స్వివెల్స్ (స్లింగ్‌ని రైఫిల్‌కి తగిలించే లోహపు కొక్కేలు) చప్పుడు చేస్తాయి. ఇంట్లోనే స్లింగ్ ఊపి వినండి, కిర్రుమంటే చుక్క నూనె వేయండి. ఎల్క్ చెవులు చాలా చురుకు. ఆఖరి నడకలో నేను స్లింగ్ తీసి జేబులో పెట్టేస్తాను, రైఫిల్ రెండు చేతుల్లో ఉంటుంది. చేతులు లాగేది ఆ కాసేపే.

మిన్నెసోటా_మంచు:
అక్క చెప్పింది నిజం. దానికోసం నొక్కితే ఊడే క్విక్ డిటాచ్ స్వివెల్స్ కొనుక్కోండి, ఖరీదు పెద్దగా ఉండదు.

డెన్వర్_బాబాయ్:
ఇంకో రెండు మాటలు. ఎలా మోసినా నడిచేటప్పుడు ఛాంబర్ ఖాళీగా ఉంచండి, పక్కన మనిషి ఉంటే మూతి ఎటు చూస్తోందో పట్టించుకోండి. ముగ్గురు పక్కపక్కన నడుస్తుంటే మధ్యలో ఉన్నాయన రైఫిల్‌ని అడ్డంగా పట్టుకోకూడదు. కొలరాడోలో రైఫిల్ సీజన్‌లో నడుం పైన 500 చదరపు అంగుళాల ఫ్లోరోసెంట్ ఆరెంజో పింకో ఉండాలి, టోపీ కూడా ఆ రంగే. పెద్ద బ్యాగు వెనక నుంచి చొక్కాను కప్పేస్తుంది, బ్యాగు మీద కూడా ఆరెంజ్ కవర్ వేయండి.
ఎల్క్ పడితే తిరుగు నడకలో బ్యాగులో ఒక వెనక కాలే పాతిక కిలోలు ఉండొచ్చు. అప్పుడు రైఫిల్‌ని పూర్తిగా ఖాళీ చేసి బ్యాగు పక్కన నిలువుగా కట్టేయడమే.

ఆస్టిన్_జింక:
అందరికీ చాలా థ్యాంక్స్. గన్ బేరర్ ఆర్డర్ పెట్టేస్తా, దాంతోపాటు ఊడే తోలు స్లింగ్ ఒకటి. నాది ఎడమచేతి వాటం, అంటే కర్రలు పట్టుకున్నప్పుడు రైఫిల్ కుడి పక్కన ఉండాలా, ఎడమ పక్కనా?

మోంటానా_అక్క:
రెండు పక్కలా తగిలించి మెట్లెక్కి చూడండి, ఎటునుంచి తీస్తే సులువుగా భుజానికి వస్తే అటే. సీజన్‌కి ముందే చూసుకోండి, లావు జాకెట్టూ గ్లౌజులూ వేసుకుని.