లెఫ్ట్ తిరుగుతుంటే యాక్సిడెంట్: 60 శాతం తప్పు నాదే అంటున్నారు, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మేం డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. పోయిన నెల సిగ్నల్ దగ్గర పసుపు బాణం ఆరుతూ వెలుగుతుంటే లెఫ్ట్ తిరిగాను. ఎదురు కారు దూరంగానే ఉందనుకున్నా. అది మామూలు స్పీడులో రాలేదు. మా కారు కుడి తలుపు లోపలికి నొక్కుకుపోయింది. పక్క సీట్లో ఉన్న మా ఆవిడకి కాలర్‌బోన్ విరిగింది. నా మెడ నొప్పి ఇంకా తగ్గలేదు.

దారి ఇవ్వాల్సింది నేనే కాబట్టి 60 శాతం తప్పు నాదేనని అవతలివాళ్ల ఇన్సూరెన్స్ అడ్జస్టర్ (క్లెయిమ్ చూసి ఎవరి తప్పెంతో తేల్చే కంపెనీ మనిషి) నిన్న ఫోన్ చేసి చెప్పాడు. టెక్సాస్‌లో తప్పులో మన వాటా 50 శాతం దాటితే పైసా రాదు. సరిగ్గా 50 అయితే సగం వస్తుంది. అంటే 20,000 డాలర్ల నష్టానికి ఒక్క శాతం తేడాతో 10,000 పోతాయి! ఈ శాతాలు ఏ తూకం రాయి పెట్టి తూస్తారో మరి. కారు దిగగానే కంగారులో 'సారీ సారీ' అన్నాను, మన అలవాటు కదా. పోలీస్ రిపోర్టులో అదీ ఎక్కింది.

అడ్జస్టర్ చెప్పిన శాతమే ఖాయమా? ఎవరైనా బేరమాడి తగ్గించుకున్నారా? మా ఆవిడ తప్పేమీ లేదు కదా, ఆవిడ విడిగా క్లెయిమ్ వేస్తే నా 60 శాతం అడ్డొస్తుందా? రికార్డెడ్ స్టేట్‌మెంట్ కూడా అడుగుతున్నారు, లాయర్‌ని కలవకుండా ఇవ్వొచ్చా?

మూలనున్న గ్యాస్ స్టేషన్ కెమెరా రోడ్డు వైపే ఉంది. ఆ వీడియో ఎలా అడగాలో తెలిసినవాళ్లు ముందు అది చెప్పండి. కేసు వేయడానికి రెండేళ్ల గడువుంది కానీ, వీడియో అన్నాళ్లు ఉంచరుగా.