పిస్టన్ లేని ఇంజన్ విప్పానంటాడు మా మావయ్య: నిజమా, కోతలా?

ఇజీనగరం గుంటడు:

అందరికీ నమస్కారం. ఇక్కడ పాత మెకానిక్‌లు ఉన్నారని తెలిసి రాస్తున్నాను.

మా మావయ్యకి నరసన్నపేటలో బళ్ల షెడ్డు ఉంది. అంతకు ముందు మస్కట్‌లో 19 ఏళ్లు పనిచేశాడు. మొన్న మా ఇంటికొచ్చినప్పుడు కోట జంక్షన్ దగ్గర టీ తాగుతూ, "మాజ్డా ఆర్ఎక్స్-7 కార్లకి పిస్టన్ లేని ఇంజన్లు నా చేత్తో పదిహేను దాకా కట్టాను" అన్నాడు. లోపల సమోసా ఆకారంలో ఒక ముక్క తిరుగుతుందట. వాల్వులుండవట. పక్క బెంచీ మీద కూర్చున్నవాళ్లు నవ్వారు. మాట మీద మాట పెరిగి, చివరికి రెండు కిలోల పలాస జీడిపప్పు పందెం దాకా వెళ్లింది. పందెం కాసింది మావయ్య. డబ్బు పెట్టాల్సింది మాత్రం నేను.

ఇంటర్నెట్‌లో వెతికితే అలాంటి ఇంజన్ ఉందని తెలిసింది, రోటరీ ఇంజన్ అట. కానీ నా ప్రశ్న అది కాదు. "ఈ పనిలో నేను దండం పెట్టేది ఇద్దరికే. ఒకరు మా గ్యారేజీ ఉస్తాద్, ఇంకొకరు జపాన్‌లో అమేమియా" అంటాడు మావయ్య. ఈ అమేమియా ఎవరు? ఆ ఇంజన్‌కి పేరున్న మెకానిక్‌లు వేరే ఉంటారా? మామూలు మెకానిక్ చేస్తే ఏమవుతుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

ఎత్తుబ్రిడ్జి బుల్లెట్:

తమ్ముడూ, మీ మావయ్య యమహా ఆర్ఎక్స్ 100 బైకు అనుంటాడు, నువ్వు ఆర్ఎక్స్-7 అని విన్నట్టున్నావు. జీడిపప్పు కొనేసి గొడవ వదిలించుకో. గుండు పప్పు తీసుకో, బద్ద వద్దు.

పాత స్పానర్:

బుల్లెట్ గారూ, నవ్వకండి. ఆ మనిషి చెప్పింది నిజం. సమోసా అన్నాడు చూడండి, ఆ ఒక్క మాటతోనే నమ్మాను. పుస్తకంలో చదివినవాడు త్రిభుజం అంటాడు. చేత్తో పట్టుకున్నవాడికే ఆ పొట్ట ఉబ్బు తెలుస్తుంది.

బాబూ, మాది బొబ్బిలి. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక గ్యారేజీలో 14 ఏళ్లు చేశాను. గ్యారేజీ పేరు వద్దు. అక్కడికి ఈ ఇంజన్ ఉన్న మాజ్డా ఆర్ఎక్స్-7లు, ఆర్ఎక్స్-8లు వచ్చేవి.

ముందు అమేమియా సంగతి. పూర్తి పేరు ఇసామి అమేమియా. టోక్యోలో చిన్న షాపుతో మొదలుపెట్టి జీవితమంతా రోటరీ మీదే పెట్టాడు. షాపు పేరులోనే ఆర్ఈ ఉంటుంది, అంటే రోటరీ ఇంజన్. 2006లో జపాన్ సూపర్ జీటీ కార్ల పోటీల్లో జీటీ300 తరగతి టైటిల్ వాళ్ల ఆర్ఎక్స్-7దే. అమెరికాలో కాలిఫోర్నియాలో రేసింగ్ బీట్ అని ఇంకో షాపు ఉంది, దాన్ని పెట్టింది జిమ్ మెడరర్, తకయుకి ఓకు. వాళ్ల ఆర్ఎక్స్-7 బానవిల్ ఉప్పు మైదానంలో 1995లో గంటకు 242 మైళ్ల వేగం అందుకుంది, అంటే మన లెక్కలో 389 కిలోమీటర్లు.

కానీ నన్నడిగితే వీళ్లందరికన్నా ముందు యమమోతోకి దండం పెట్టాలి. కెనిచి యమమోతో. ఇంజినీర్ చదువు చదివి, యుద్ధం అయిపోయాక హిరోషిమాలోని మాజ్డా వాళ్ల ఫ్యాక్టరీలో మూడు చక్రాల ట్రక్కులకి గేరుబాక్సులు బిగించే పనిలో చేరాడు. అంటే మన ఆటో షెడ్డు పనే అనుకో. 1963లో ఆయన కింద 47 మందిని పెట్టి, జర్మనీ నుంచి తెచ్చుకున్న ఈ ఇంజన్‌ని బాగుచెయ్యమన్నారు. లోపలి గోడ మీద వరసగా గీతలు పడేవి. ఆ సమోసా ముక్క పేరు రోటర్. దాని మొనల మీద, గ్యాసు పక్కకి పోకుండా ఆపే సీలు వణికి గీరేసేది. దెయ్యం గోటి గీతలు అని పేరు పెట్టారు వాటికి. ఆ గీతలు పోగొట్టేసరికి నాలుగేళ్లు పట్టింది. 1967లో కాస్మో స్పోర్ట్ కారు అమ్మకానికి వచ్చింది. అదే ఏడాది జర్మనీలోని ఎన్ఎస్‌యూ కంపెనీ రో 80 కారు కూడా వచ్చింది. సీళ్లు అరిగిపోయి, వారంటీ కింద ఇంజన్లు మార్చి మార్చి ఆ కంపెనీ చితికిపోయింది. ఇంజన్ ఒకటే, చెయ్యి వేరు. యమమోతో తర్వాత మాజ్డాకి ప్రెసిడెంట్ కూడా అయ్యాడు, అది వేరే సంగతి.

ఇక మామూలు మెకానిక్ చేస్తే ఏమవుతుందన్నావు. నేనే ఆ మామూలు మెకానిక్‌ని, చెప్తాను విను.

వెళ్లిన కొత్తలో ఒక ఆర్ఎక్స్-8 వచ్చింది. ఓనరు పొద్దున్నే కారు కడగడానికి స్టార్ట్ చేసి, నీడలోంచి నాలుగు గజాలు ముందుకు జరిపి ఆపేశాడు. అంతే, మళ్లీ స్టార్ట్ కాలేదు. నేను బ్యాటరీ మార్చాను, కాయిల్ చూశాను, పంపు చూశాను. సాయంత్రం దాకా సెల్ఫ్ కొడుతూనే ఉన్నాను. మా ఉస్తాద్ నమాజ్ చేసుకుని వచ్చి, ప్లగ్ విప్పి వాసన చూశాడు. పెట్రోలు కారుతోంది. చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ పెట్రోలు తాగుతుంది ఆ ఇంజన్, వేడెక్కకుండా ఆపితే లోపలంతా తడిసిపోతుంది. గోడ మీద ఉండాల్సిన ఆయిల్ పొర కడుక్కుపోతుంది, ఇక సీలు పట్టదు. కంప్రెషన్, అంటే లోపల గాలిని అదిమే ఒత్తిడి, లేదు. నేను రోజంతా సెల్ఫ్ కొట్టి ఇంకా పెట్రోలు పోశాను!

ఉస్తాద్ నాలుగు ప్లగ్గులూ తీయించి, పెట్రోలు రాకుండా ఆపి, లోపలిది బయటికి కొట్టించాడు. ప్లగ్ రంధ్రంలో నాలుగు చుక్కలు ఆయిల్ వేసి, కొత్త ప్లగ్గులు పెట్టి తాళం తిప్పమన్నాడు. పాత రాజ్‌దూత్ లేచినట్టు లేచింది. గ్యారేజీ అంతా పొగ. "మీ ఊళ్లో టూ స్ట్రోక్ చేసినవాడివేగా, నీకు ఆయిల్ గుర్తుకు రాలేదా?" అన్నాడు. సిగ్గేసింది. అక్కడా వాల్వులు లేవు, ఇక్కడా లేవు. అక్కడా ఆయిల్ పెట్రోలుతో కలిసి కాలాలి, ఇక్కడా అంతే. ఈ ఇంజన్‌లో అయితే దానికోసం ప్రత్యేకంగా చిన్న పంపే ఉంటుంది. ఆయిల్ తగ్గుతోందని ఓనర్లు గోల పెడతారు. తగ్గకపోతేనే భయపడాలి.

పెషావర్ మనిషి ఆయన. నేను చూసేటప్పటికే అరవై దాటాడు. ఇంజన్ విప్పకుండానే జబ్బు చెప్పేవాడు. ఒక ప్లగ్ తీసి, సెల్ఫ్ కొట్టమని, కళ్లు మూసుకుని వినేవాడు. రోటర్‌కి మూడు ముఖాలు కదా, మూడు దెబ్బలు వినపడతాయి: ఫస్, ఫస్, ఫస్. మూడూ సమానంగా ఉంటే "ఇంటికి పంపెయ్" అనేవాడు. ఒక దెబ్బ నీరసంగా ఉంటే పక్క సీలు పోయింది. వరసగా రెండు నీరసంగా ఉంటే మొన సీలు పోయింది, ఎందుకంటే ఆ సీలు రెండు గదులకి మధ్య గోడ. మామూలు కంప్రెషన్ గేజీ పెడితే మూడింటిలో ఎక్కువున్నదే చూపించి మోసం చేస్తుంది. చాలామంది ఇక్కడే దొరికిపోతారు.

కట్టేటప్పుడు ఇంకో ఆట. రోటర్‌కి మొన సీళ్లు మూడు, పక్క సీళ్లు ఆరు, మూల సీళ్లు ఆరు. పక్క సీలు కొసని ఆకురాయితో రుద్ది రుద్ది, సందు 0.05 నుంచి 0.15 మిల్లీమీటర్ల మధ్య తేవాలి. ఒక్క రుద్దు ఎక్కువైతే ఆ సీలు చెత్తబుట్టలోకే. మొత్తం ఇంజన్‌ని శాండ్‌విచ్‌లా పేర్చి పొడవాటి బోల్టులతో బిగిస్తారు. వాటి పేరే టెన్షన్ బోల్టులు. ఉన్న టెన్షన్ చాలనట్టు!

మీ మావయ్య పదిహేను కట్టానన్నాడా? నేను ఆరే కట్టాను. ఆయన నాకన్నా పెద్దోడు.

పాలిటెక్నిక్ మాస్టారు:

మంచి చర్చ. రెండు మాటలు కలుపుతాను. రోటర్ ఒక్కసారి తిరిగితే షాఫ్ట్ మూడుసార్లు తిరుగుతుంది. కాబట్టి మీటర్‌లో నిమిషానికి 9000 చూపిస్తుంటే లోపల రోటర్ తిరిగేది 3000 మాత్రమే. 1991లో లె మాన్స్ 24 గంటల పందెం గెలిచిన మాజ్డా 787బి కారుకి ఇలాంటి రోటర్లు నాలుగు, 362 రౌండ్లు వేసింది. చివర్లో నడిపిన జానీ హెర్బర్ట్ నీరసంతో పడిపోయి బహుమతి అందుకునే మెట్టు కూడా ఎక్కలేకపోయాడు. ఇంజన్ మాత్రం చెక్కుచెదరలేదు.

మన దేశంలో ఈ ఇంజన్ లేదనుకోవద్దు. నిశాంత్ అనే పైలట్ లేని విమానం కోసం మన ప్రభుత్వ ల్యాబులు 55 హార్స్‌పవర్ రోటరీ ఇంజన్ తయారుచేశాయి. 2009లో కోలార్‌లో దానితో విమానం ఎగిరింది. పిల్లలకి ఇది చెప్తే నమ్మరు, ఫోన్‌లో చూసి నమ్ముతారు.

ఎత్తుబ్రిడ్జి బుల్లెట్:

సరే, నేను ఓడిపోయాను. గుంటడా, టీ కొట్టు దగ్గర నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. జీడిపప్పులో ఒక కిలో నా లెక్క.

ఇజీనగరం గుంటడు:

అన్నా, మీరేనా ఆ చారల చొక్కా!

స్పానర్ గారూ, మీరు రాసిందంతా ఫోన్‌లో మావయ్యకి చదివి వినిపించాను. సమోసా మాటకి నవ్వాడు. ఆయిల్ మాటకి "అవును" అన్నాడు. తర్వాత కాసేపు ఊరుకుని, "వినికిడి కబుర్లు ఎవరైనా చెప్తారు. ఇంజన్ ముందువైపు షాఫ్ట్ బోల్టు విప్పేటప్పుడు ఏటి చెయ్యాలో అడుగు" అన్నాడు. నాకైతే అర్థం కాలేదు, ఉన్నదున్నట్టు అడుగుతున్నాను. కోపం తెచ్చుకోకండి.

పాత స్పానర్:

కోపమెందుకు బాబూ, అసలు మెకానిక్ అడిగే ప్రశ్నే అడిగాడు.

ఇంజన్ కిందికి దించి ఉంటే ఫ్లైవీల్ నేలవైపు, ముందు భాగం ఆకాశంవైపు పెట్టి నిలబెట్టి విప్పాలి. బండిలోనే ఉంటే క్లచ్ పెడల్ కిందికి తొక్కి, సీటుకి కర్ర మోపు పెట్టి, షాఫ్ట్ ముందుకు నొక్కుకుని ఉండేటట్టు చూసుకుని విప్పాలి. లేకపోతే లోపల సూది బేరింగ్ జారుతుంది, పైకి తెలియదు. బోల్టు బిగిస్తే అది నలిగిపోతుంది. అందుకే బిగించాక డయల్ గేజీ పెట్టి షాఫ్ట్ ఆట, అంటే ముందుకీ వెనక్కీ ఎంత కదులుతుందో, చూడాలి, 0.04 నుంచి 0.07 మిల్లీమీటర్లు.

ఇది నాకు ఎవరూ చెప్పలేదు, పోగొట్టుకుని నేర్చుకున్నాను. ఒక ఆర్ఎక్స్-7కి ముందువైపు సీలు దగ్గర ఆయిల్ కారుతోందని, కర్రా లేదు గేజీ లేదు, బోల్టు విప్పి సీలు మార్చి బిగించేశాను. మర్నాడు బండి గరగరమంటూ తిరిగొచ్చింది. ఉస్తాద్ తిట్టలేదు. నలిగిన సూదులు ఏరి లెక్కపెట్టమన్నాడు. ఒకటి తక్కువొచ్చింది. ఆ ఒక్క సూది కోసం రెండు రోజులు వెతికించాడు, చివరికి ఆయిల్ పాన్‌లో పంపు జల్లెడకి అంటుకుని దొరికింది. ఆ నెల నా జీతంలో సగం కోసేశారు.

ఇది మీ మావయ్యకి చెప్పు.

ఇజీనగరం గుంటడు:

చెప్పానండి. గట్టిగా నవ్వాడు. ఆదివారం మిమ్మల్ని నరసన్నపేట షెడ్డుకి రమ్మంటున్నాడు, చేపల పులుసు పెడతాడట. ఇంకోమాట కూడా రాయమన్నాడు: "మాకు రెండు తక్కువొచ్చాయి. ఒకటి ఇప్పటికీ దొరకలేదు."