చికిత్సకు ముగింపు తేదీ లేనప్పుడు హుషారుగా ఉండటం ఎలా?

అక్షరాలమనిషి అడిగారు:

నాకు యాభై దాటాయి. ప్రూఫులు దిద్దడం నా వృత్తి. కూర్చుని పనిచేసేవాణ్ణి కాబట్టి వచ్చిన నడుం నొప్పి అనుకున్నాం. చివరికి మల్టిపుల్ మైలోమా, అంటే ఎముక మజ్జలో పుట్టే ఒక రకం రక్త క్యాన్సర్ అని తేలింది. ఇప్పుడు వారానికోసారి పొట్ట మీద బోర్టెజోమిబ్ ఇంజెక్షన్, ఆ రోజు డెక్సా అనే స్టెరాయిడ్ మాత్రలు. లెనలిడోమైడ్ 21 రోజులు వేసుకుని, ఒక వారం ఆపుతాను.

రిపోర్టులు మెరుగవుతున్నాయి. డాక్టరుగారు కూడా సంతృప్తిగానే ఉన్నారు. నా బాధల్లా ఒకటే. ఈ విడత ఇంజెక్షన్లు అయిపోయినా లెనలిడోమైడ్ ఆపరట. జబ్బు అదుపులో ఉన్నంతకాలం వేసుకుంటూనే ఉండాలట. ఫలానా నెలతో అయిపోతుందంటే పళ్ల బిగువున ఎలాగో భరించొచ్చు. తేదీయే లేనిదాన్ని ఎలా భరించాలి?

చూడటానికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: "దిగులు పెట్టుకోకు, నవ్వుతూ ఉండు, మనసు బాగుంటే సగం జబ్బు పోయినట్టే." నా మొహం కాస్త వాడిందా, మా అన్నయ్య "ఇలా ఉంటే మందులు పనిచేయవురా" అంటాడు. ప్రేమకొద్దీ అంటున్నాడని తెలుసు. కానీ జబ్బు భయానికి తోడు ఇప్పుడు నాకు దిగులంటే కూడా భయం పట్టుకుంది. నిద్ర పట్టని రాత్రుళ్లు, ఇలా బాధపడి మందుల్ని నేనే చెడగొట్టుకుంటున్నానేమో అని ఒకటే ఆలోచన.

మనసు బాగోలేకపోతే నిజంగా జబ్బు పెరుగుతుందా? ఏళ్ల తరబడి మందుల మీద ఉన్నవాళ్లు రోజులు ఎలా గడుపుతున్నారు? పెద్ద పెద్ద మాటలు వద్దండీ, మీరు నిజంగా చేసేవి చెప్పండి చాలు.

రోజుకోమాత్ర రాశారు:

నాది సీఎమ్మెల్, అంటే క్రానిక్ మైలాయిడ్ లుకేమియా, ఇదీ ఒక రకం రక్త క్యాన్సరే. రోజూ ఇమాటినిబ్ మాత్ర. కళ్లకింద ఉబ్బు, రాత్రిపూట పిక్కలు పట్టేయడం, ఇవి నాకు మామూలే. పైకి ఆరోగ్యంగా కనిపిస్తాను కాబట్టి "నీకేం, మాత్రేగా" అంటుంటారు. మొదట్లో ఆ మాట చాలా నొప్పించేది.

నాకు ధైర్యం ఎక్కడ దొరికిందో చెబుతాను. ఈ మాత్ర ఎలా వచ్చిందో చదివాను. 1960లో ఫిలడెల్ఫియాలో ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ జబ్బు ఉన్నవాళ్ల రక్తకణాల్లో మామూలుకంటే పొట్టిగా ఉన్న ఒక క్రోమోజోమ్‌ని గుర్తించారు. 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారు కావడం వల్ల అది అలా అవుతుందని జానెట్ రౌలీ 1973లో చూపించారు. ఆ తారుమారు వల్ల పుట్టే ప్రొటీన్‌ను అడ్డుకునే ఇమాటినిబ్‌కు 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది. తరాల తరబడి ఎంతోమంది మైక్రోస్కోపుల ముందు కూర్చుంటే నా చేతికి వచ్చిన మాత్ర ఇది. పొద్దున్నే దాన్ని గ్లాసు నిండా నీళ్లతో మింగేటప్పుడు వాళ్లని తలుచుకుంటాను. నిజంగానే మనసు తేలికపడుతుంది. మీ మందుల కథ కూడా ఒకసారి చదవండి.

కుట్టుపని రాశారు:

తమ్ముడూ, నాదీ మైలోమానే. మీకంటే చాలా ముందు నుంచి ఉన్నాను ఈ దారిలో. నేను టైలర్ని, మిషను ఇంట్లోనే.

ముందు మీ భయం సంగతి చెబుతాను, మీకు ఈ రాత్రయినా నిద్ర పట్టాలి. దిగులుపడితే మందు పనిచేయదన్నది నిజం కాదు. తల, మెడ భాగాల్లో క్యాన్సర్ వచ్చిన వెయ్యిమందికి పైగా రోగుల్ని గమనించి 2007లో అమెరికాలో ఒక అధ్యయనం ప్రచురించారు. మనసు బాగున్నవాళ్లు ఎక్కువ కాలం బతికారనిగానీ, బాగోలేనివాళ్లు తొందరగా పోయారనిగానీ అందులో తేలలేదు. వాళ్ల జబ్బు వేరు, మనది వేరు, ఒప్పుకుంటాను. కానీ మా డాక్టరమ్మ కూడా ఇదే చెప్పింది. మైలోమా కణాలు ప్రొటీన్లు విపరీతంగా తయారుచేస్తాయి. పాడైన ప్రొటీన్లను ఎప్పటికప్పుడు తొలగించుకోకపోతే ఆ కణాలు బతకలేవు. బోర్టెజోమిబ్ సరిగ్గా ఆ తొలగించే యంత్రాంగాన్నే అడ్డుకుంటుంది. మీరు ఏడ్చిన రోజైనా నవ్విన రోజైనా దాని పని అది చేస్తుంది.

దిగులు వల్ల నష్టం లేదని కాదు, అది వేరే దారిలో వస్తుంది. మాత్ర వేసుకోబుద్ధి కాదు, జ్వరం వచ్చినా "ఏదైతే అదవుతుంది" అని ఊరుకుంటాం, మంచం దిగం. అందుకే దిగులుకీ వైద్యం చేయించుకోవాలి. దిగులు వచ్చినందుకు మిమ్మల్ని మీరు నిందించుకోవడం మాత్రం వద్దు, దయచేసి.

నిద్ర పట్టడం లేదన్నారు కదా, అది ఏ రాత్రో గమనించండి. డెక్సా వేసుకున్న రాత్రి, ఆ మర్నాటి రాత్రీ అయితే అందులో స్టెరాయిడ్ పాత్రే ఎక్కువ. నాకు ఆ రోజు తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి అలమరా అంతా సర్దాలనిపించేది. ఒకటే వాగుడు, ఎవరు అడ్డొచ్చినా కోపం. రెండు మూడు రోజులు గడిచేసరికి ఎవరో స్విచ్ ఆపినట్టు పడిపోయేదాన్ని. కారణం లేని ఏడుపులన్నీ ఆ రోజుల్లోనే. మా ఆయన అది కనిపెట్టి, క్యాలెండర్లో డెక్సా రోజుకి ఎర్ర చుక్క, పడిపోయే రోజులకి నీలం చుక్క పెట్టడం మొదలుపెట్టారు. అప్పటి నుంచి ఇంట్లో గొడవలు బాగా తగ్గాయి. నీలం చుక్క రోజున మా ఇంట్లో ఎవరూ పెద్ద విషయాలు కదపరు. నేను కూడా బతుకంతా తలుచుకుని లెక్కలు వేసుకోవడం పెట్టుకోను. ఆ రోజు ఏమనిపించినా, రెండు రోజులాగి మళ్లీ చూద్దాంలే అనుకుంటాను. కొలతలు, కత్తిరింపులు, తల పెట్టి చేయాల్సినవన్నీ ఎర్ర చుక్క రోజుకే. డెక్సాని పొద్దున్నే టిఫిను తిన్నాక వేసుకుంటే నిద్ర కాస్త నయం. మరీ తట్టుకోలేకపోతే డోసు సంగతి డాక్టరుతో మాట్లాడొచ్చు. సొంతంగా మాత్రం తగ్గించకండి.

ఇంకో విషయం. లెనలిడోమైడ్ వల్ల కొందరిలో థైరాయిడ్ పనితీరు తగ్గుతుంది. అది తగ్గినా, హిమోగ్లోబిన్ తగ్గినా మనిషి నీరసంగా, దేని మీదా ఆసక్తి లేనట్టు తయారవుతాడు. మనం మాత్రం మనసు బలహీనమైందనుకుంటాం. ఆ రెండు పరీక్షలూ ఈమధ్య చేశారో లేదో అడగండి. అవి బాగానే ఉండి కూడా రెండు వారాలకు పైగా దాదాపు రోజూ దిగులుగా ఉండి, ఇష్టమైన పని కూడా చేయబుద్ధి కాకపోతే, మానసిక వైద్యుల్ని కలవాలి. నేను కలిశాను. వాళ్లిచ్చిన మాత్రలు మిగతా మందులతో పడతాయో లేదో మా డాక్టరమ్మకు చూపించి మరీ కొన్నాళ్లు వేసుకున్నాను. బీపీకి వేసుకున్నట్టే అదీను.

ఇక హుషారు సంగతి. నా ప్రాణమంతా ఆ కుట్టు మిషను దగ్గరే ఉంది. ఇంజెక్షన్ల వల్ల వేళ్ల చివర్లు మొద్దుబారడం మొదలైంది. సూది పట్టుకున్నానో జారిందో కళ్లతో చూస్తే తప్ప తెలిసేది కాదు. దారం కొసని నాలుకతో తడిపి, రెండు వేళ్ల మధ్య నలిపి, సూది బెజ్జం దగ్గరికి తెస్తే, ఆ కొస వేళ్ల మధ్య ఉన్నట్టే అనిపించేది కాదు. వెంటనే చెప్పాను, డోసు తగ్గించారు. పూర్తిగా పోలేదుగానీ చాలావరకు తగ్గింది. మీకు వేళ్లలో, పాదాల్లో తిమ్మిరి, మంట ఏ మాత్రం ఉన్నా మొదట్లోనే చెప్పండి, ముదరనిస్తే కొందరికి అలాగే ఉండిపోతుంది. ఇప్పుడు మా మనవరాలు సాయంత్రం బడి నుంచి రాగానే డజను సూదులకి రంగు రంగుల దారాలు ఎక్కించి దిండుకి వరసగా గుచ్చిపెడుతుంది. మర్నాడు ఆ రంగులు అయిపోయేదాకా కుడతాను. జారిపోయే పట్టుబట్టలు ఒప్పుకోవడం మానేశాను, నూలు బట్టలు మాత్రమే. నా పని నా చేతుల్లోనే ఉందన్న సంతోషం నాకు చాలా పెద్దది. మీకూ అలాంటిది ఒకటి ఉంటుంది, దాన్ని మాత్రం వదలకండి. ప్రూఫులే అయితే రోజుకు రెండు పేజీలైనా సరే.

తేదీ లేదని బాధపడ్డారు. నాకూ లేదు. కానీ మందు ఆపే వారం ప్రతి నెలా వస్తుంది కదా. చేయాలనుకున్నవి, చూడాలనుకున్న మనుషులు, అన్నీ ఆ వారానికి పెట్టుకుంటాను. దానికి ముందు వారమంతా ఆ ఎదురుచూపులోనే గడుస్తుంది.

రిపోర్టుల టెన్షన్ గురించి ఒక్క మాట. మైలోమా కణాలు రక్తంలోకి వదిలే ఎమ్ ప్రొటీన్ పాయింటు అటూ ఇటూ కాగానే గుండె జారిపోతుంది. జబ్బు తిరగబెట్టిందని చెప్పాలంటే రక్తంలో అది అంతకుముందున్న కనిష్ఠం కంటే 25 శాతమైనా పెరగాలి, ఆ పెరుగుదల డెసిలీటరుకు అర గ్రాముకైనా చేరాలి, మళ్లీ పరీక్ష చేసినా అలాగే రావాలి. వేరే లక్షణాలు కూడా చూస్తారనుకోండి. రిపోర్టు మా అమ్మాయి ఫోనుకి వస్తుంది. డాక్టరమ్మ ముందు కూర్చునేదాకా నేను చూడను.

బాబునాన్న రాశారు:

నేను రోగిని కాదు, మా పద్నాలుగేళ్ల బాబుకి ఏఎల్ఎల్, అదీ ఒక రకం రక్త క్యాన్సరే. మొత్తం చికిత్స రెండు మూడేళ్లన్నారు, ఇప్పుడు మెయింటెనెన్స్, అంటే జబ్బు తిరగబెట్టకుండా మందులిచ్చే దశ నడుస్తోంది. రోజూ ఒక మాత్ర, వారానికోసారి ఇంకొకటి, నెలకి అయిదు రోజులు స్టెరాయిడ్. కుట్టుపని గారు చెప్పిన కోపం, ఏడుపు మా ఇంట్లోనూ ఆ అయిదు రోజుల్లోనే.

వాణ్ణి నవ్వించాలని మేము పడే తాపత్రయం వాడికి బరువైపోయింది. "నాన్నా, మీరందరూ నా మొహంలోకి చూడటం మానేయండి" అన్నాడు ఒకరోజు. ఇప్పుడు సాయంత్రం ఓ గంట జబ్బు ఊసెత్తం. ఆ గంట స్నేహితుడితో వీడియో కాల్‌లో చదరంగం ఆడతాడు. ఓడిపోతే అలుగుతాడు కూడా. ఆ అలక చూస్తే నాకు ఎంత ఆనందమో!

భయం తగ్గడానికి మాకు బాగా పనికొచ్చింది ముందస్తు ఏర్పాటు. న్యూట్రోఫిల్స్, అంటే ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్ల రక్తకణాలు తక్కువగా ఉన్నప్పుడు జ్వరం 38 డిగ్రీలు, అంటే ఫారెన్‌హీట్‌లో 100.4 దాటితే అర్ధరాత్రైనా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. బట్టలు, ఫైలు, ఛార్జరు సర్దిన సంచి ఎప్పుడూ తలుపు వెనకే ఉంటుంది, ఫోన్ చేయాల్సిన నంబరు దాని మీదే రాసి ఉంటుంది. ఏం చేయాలో తెలుసు కాబట్టి మిగతా రోజంతా జ్వరం గురించి ఆలోచించం.

అక్షరాలమనిషి రాశారు:

అక్కా, క్యాలెండర్ చూసుకున్నాను. నిద్ర లేని రాత్రులన్నీ డెక్సా రాత్రి, దాని మర్నాడే. నేను రాత్రి భోజనం అయ్యాక వేసుకుంటున్నాను, పొద్దుటికి మార్చుకోవచ్చా అని రేపే ఫోన్ చేసి అడుగుతాను. థైరాయిడ్ పరీక్ష నా ఫైల్లో లేదు, అది కూడా అడుగుతాను. ఆ మాత్ర కథ చెప్పినవారికి, బాబు వాళ్ల నాన్నగారికి చాలా చాలా థ్యాంక్స్. చదువుతుంటే మనసు కుదుటపడింది.

ఇంకో రెండు అడగనా? మా అన్నయ్యకి నొప్పి కలగకుండా ఎలా చెప్పాలి? నాకు వెన్నుపూస ఒకటి దెబ్బతింది, నడక మొదలుపెట్టొచ్చా?

కుట్టుపని రాశారు:

నడక అలసట తగ్గిస్తుంది, మనసుకీ మంచిదే. కానీ వెన్ను దెబ్బతిన్నదంటున్నారు కాబట్టి, ఎముకల స్కాన్ చూసిన డాక్టరు సరేనన్నాకే మొదలుపెట్టండి. బరువులెత్తడం, వంగి పక్కకి తిరగడం వద్దు. నేను ఇంటి వరండాలో అటూ ఇటూ నడవడంతో మొదలుపెట్టాను.

అన్నయ్యగారికి ఏదైనా పని అప్పజెప్పండి. పాపం, ఏం చేయాలో తోచకే ఆ మాటలంటున్నారు. వచ్చే ఇంజెక్షన్‌కి ఆయన్నే వెంట తీసుకెళ్లండి. డెక్సా మనిషిని ఎలా చేస్తుందో, దిగులుపడితే మందు ఆగుతుందా లేదా అన్నది ఆయన్నే డాక్టరుగారిని అడగమనండి. మీ నోట విన్నదానికంటే అక్కడ విన్నది ఆయనకి బాగా ఎక్కుతుంది. తిరిగొచ్చేటప్పుడు దారిలో, "అన్నయ్యా, నేను మొహం వేలాడేసుకున్న రోజున ఏమీ చెప్పక్కర్లేదు, కాసేపు నా పక్కన కూర్చో చాలు" అనండి.