మూడో 21ని తీసేయగలిగితే, తీసేయమంటారా?

గోదారిగట్టు:
నిన్న రాత్రి మా బావమరిది వాట్సాప్‌లో ఒక వార్త పంపాడు. జపాన్‌లోని మియె యూనివర్సిటీ వాళ్ళు డౌన్ సిండ్రోమ్ కణాల్లోంచి అదనపు 21వ క్రోమోజోమ్‌ని క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో తొలగించారని, 2025లో ఆ పేపర్ వచ్చిందని. కింద "బావా, ఇంక పాపకి నయమైపోతుంది" అని రాశాడు. మంచి మనసుతోనే పంపాడు. నాకే నిద్ర పట్టలేదు.

పాపకి తొమ్మిదేళ్ళు, డౌన్ సిండ్రోమ్. పుట్టినప్పుడు తీయించిన క్యారియోటైప్ (క్రోమోజోమ్‌ల ఫొటో) కాగితం ఇంకా బీరువాలో ఉంది. గుమ్మం ముందు చెప్పుల్లా అన్నీ జతలు జతలుగా ఉంటాయి, 21 దగ్గర మాత్రం మూడు. ఆరో నెలలో గుండె ఆపరేషన్ అయింది. మాటలు ఆలస్యంగా వచ్చాయి, లెక్కలు ఇప్పటికీ రావు. కానీ ఆరిన బట్టలు కుప్పగా పోస్తే ఏది ఎవరిదో వాసన చూసి వేరు చేస్తుంది. వాళ్ళ అమ్మకి కూడా చేతకాదు ఆ పని.

ఆ చికిత్స రేపే వచ్చినా నేను వద్దంటాను. ప్రతి కణంలో ఉన్నదాన్ని తీసేశాక మిగిలేది మా పాపేనా? మీరేమంటారు?

పెట్రీగిన్నె:
గోదారిగట్టు గారూ, మీరు వద్దనాల్సిన రోజు ఇప్పట్లో రాదండి. నేను కణాలు పెంచే ల్యాబ్‌లోనే పనిచేస్తాను. వాళ్ళు చేసిందంతా గిన్నెలోని కణాల మీదే, స్టెమ్ సెల్స్ (వేరే రకాల కణాలుగా మారగలిగేవి), చర్మకణాలు. ఆ మూడు క్రోమోజోమ్‌ల మధ్య అక్కడక్కడా డీఎన్‌ఏ అక్షరాల తేడాలుంటాయి. వాటిని ఆనవాలు పట్టి, ఒక్కదాన్నే చాలాచోట్ల కత్తిరించారు. అతుక్కోలేనంతగా తెగితే కణం విభజన చెందేటప్పుడు అది జారిపోతుంది. ఏదో ఒకటి పోతే చాలదు కూడా, తల్లిది ఒకటి, తండ్రిది ఒకటి మిగలాలి. అదనపుది ఎక్కువగా తల్లి వైపు నుంచే వస్తుంది. తండ్రి ఇచ్చింది పోతే మిగిలిన రెండూ తల్లివే అవుతాయి.

అది కూడా కొన్ని కణాల్లోనే జరిగింది, అన్నింట్లో కాదు. కత్తెర పక్క క్రోమోజోమ్ మీద పడితే ఇంకో గొడవ. పైగా మెదడు చాలావరకు కడుపులోనే తయారైపోతుంది.

దీనికంటే నాకు నచ్చింది 2013లో అమెరికాలో జీన్ లారెన్స్ బృందం చేసిన పని. ఆడవాళ్ళ కణాల్లో రెండు ఎక్స్ క్రోమోజోమ్‌లుంటే ఒకటి నిద్రపోతుంది కదా, దాన్ని నిద్రపుచ్చేది ఎక్సిస్ట్ అనే జన్యువు. దాన్ని తెచ్చి మూడో 21 మీద పెట్టారు. అదీ నోరుమూసుకుంది. కత్తిరించడం లేదు, పారేయడం లేదు. ఇదీ గిన్నెలోనే అనుకోండి.

కుండబద్దలు:
ఇంత చర్చ దేనికి? గర్భం రాగానే ఎన్‌ఐపీటీ చేయించుకుంటే సరి, కడుపులో బిడ్డకి డౌన్ సిండ్రోమ్ ఉందో లేదో తెలిసిపోతుంది. మామూలు రక్తపరీక్ష, 99 శాతం కరెక్ట్.

పెట్రీగిన్నె:
ఆ 99ని అందరూ తప్పుగానే చదువుతారు. పాతికేళ్ళ వయసులో డౌన్ సిండ్రోమ్ అవకాశం సుమారు 1,250కి ఒకటి. 10,000 మంది పరీక్ష చేయించుకుంటే నిజంగా ఉండేది 8 మందికి. వెయ్యికి ఒక్కటి తప్పుడు పాజిటివ్ వచ్చిందనుకున్నా 10 మంది అవుతారు. అంటే పాజిటివ్ వచ్చిన 18 మందిలో సగానికి పైగా అసలేమీ లేనివాళ్ళు. నలభై దాటితే లెక్క మారుతుంది, అప్పుడు పాజిటివ్ ఎక్కువసార్లు నిజమే. ఆ రక్తంలో దొరికే డీఎన్‌ఏ బిడ్డది కాదు, మాయది (ప్లాసెంటాది). ఒక్కోసారి తేడా మాయలోనే ఉంటుంది. ఉమ్మనీరు పరీక్ష చేయించకుండా ఏ నిర్ణయమూ తీసుకోకూడదు.

ఇంకోటి, ఒక తండ్రి తన కూతురి గురించి అడుగుతుంటే ఈ మాట అనడం బాలేదు.

కుండబద్దలు:
ఆయన్ని అనలేదు. సరే, క్షమించండి.

నాలుగోవీధి:
రెండు రోజులుగా రాయాలా వద్దా అనుకుంటూ ఉన్నాను. మా అన్నయ్యకి 47 ఏళ్ళు, డౌన్ సిండ్రోమ్. అమ్మా నాన్నా పోయాక నా దగ్గరే ఉంటున్నాడు. ఇరవై ఏళ్ళుగా పొద్దున్నే పాల ప్యాకెట్లు తెచ్చేది వాడే. పోయిన వేసవిలో ప్యాకెట్లు పట్టుకుని పక్కింటి గేటు ముందు నిలబడిపోయాడు. మా ఇల్లు ఏదో తెలియలేదు.

గోదారిగట్టు గారూ, ఒకప్పుడు నేనూ మీలాగే అనేదాన్ని. అల్జీమర్స్ (మతిమరుపు జబ్బు)లో మెదడులో పేరుకునే అమైలాయిడ్ అనే ప్రొటీన్ చెత్తకి మూలమైన ఏపీపీ అనే జన్యువు 21 మీదే ఉంది. మూడు కాపీలుంటే మెదడులో ఆ చెత్త ముందే పేరుకుంటుంది. ఫ్రాన్స్‌లో కొన్ని కుటుంబాల్లో డౌన్ సిండ్రోమ్ లేదు, ఆ ఒక్క జన్యువే అదనంగా ఉంది. వాళ్ళకి చిన్న వయసులోనే అల్జీమర్స్ వచ్చిందని 2006లో తేల్చారు. దానికి తిరగేసినట్టు, డౌన్ సిండ్రోమ్ ఉన్నా ఏపీపీ మూడో కాపీ లేని ఒకావిడ 78 ఏళ్ళు బతికినా ఆ జబ్బు రాలేదని 1998లో రాశారు.

నాకు అన్నయ్యని మార్చక్కర్లేదు. వాడి నవ్వు, మొండితనం అలాగే ఉండనివ్వండి. ఆ ఒక్క జన్యువు నోరు మూయించే మందు వస్తే మాత్రం లైన్లో మొదట నేనే నిలబడతా. "క్రోమోజోమ్ ఉండాలా పోవాలా" అని అడిగితే నా దగ్గర జవాబు లేదండి. ఏ భాగం అని అడిగితే చెప్తాను.

గోదారిగట్టు:
అమ్మా, మీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను. ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు. నేను అడిగిన ప్రశ్న తొమ్మిదేళ్ళ పిల్ల తండ్రి ప్రశ్న, అంతే. వద్దన్న మాట పూర్తిగా వెనక్కి తీసుకోను, కానీ మీరు చెప్పిన ఆ ఒక్క జన్యువు విషయంలో వద్దని ఎలా అనను? మతిమరుపు మొదలైందని ఎలా కనిపెట్టారు? ఇప్పటి నుంచే చూడాల్సినవేమైనా ఉన్నాయా?

నాలుగోవీధి:
మొదట డాక్టర్ గారు థైరాయిడ్ చూపించమన్నారు. వీళ్ళకి థైరాయిడ్ తగ్గడం మామూలే, అది తగ్గినా మందంగా, మరుపుగా ఉంటారట. అన్నయ్యకి అది బాగానే ఉంది, అప్పుడే నాకు భయం పట్టుకుంది. చెవులు, నిద్రలో ఊపిరి ఆగడం కూడా చూశారు. పాపకి ఏడాదికోసారి థైరాయిడ్ చేయిస్తున్నారా? ఇంకోటి, తను ఏమేం చేయగలదో ఇప్పుడే ఒక నోటుబుక్‌లో రాసి పెట్టుకోండి. పెద్దయ్యాక దేంతో పోల్చాలో తెలియాలి కదా. నా దగ్గర అదే లేదు.

గోదారిగట్టు:
ఈ ఏడాది చేయించలేదు. సోమవారం తీసుకెళ్తాం. నోటుబుక్ కొన్నాం, బట్టల సంగతి మొదటి పేజీలో రాశాను.